కాగితముపై నిలువని భాష

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొనివచ్చే నీరు కొల్లేటిలో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోతుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఇది పల్లపు నేల. గాలి ఎదురుగా వీచే వేళ ఒక దోనెలోని మనిషి కేక మరొక దోనెలోని మనిషికి అందదు. అప్పుడు చేయి ఎత్తి "ఇటు రా" అనియో, "అటు లోతున్నది, పోవద్దు" అనియో సైగ చేయుట నీటి మీద బ్రతికేవారికి ఎక్కడనైనా అలవాటే. ఈ సైగలు ఒక భాషయేనా? కాదు. వీటిని చేసే ఇద్దరికీ తెలుగు వచ్చును. సైగ ఆ తెలుగునకు క్షణకాలపు ప్రతినిధి మాత్రమే. "నిన్న ఏలూరు పోవలెననుకొన్నాము గాని, తమ్మిలేరు పొంగినదని తెలిసి ఆగిపోయినాము" అనే మాటను ఆ సైగలతో చెప్పజూచిన వానికి ఈ సంగతి వెంటనే తెలిసివస్తుంది.

పసితనముననే వినికిడి పోయి, ఒక బధిరుల పాఠశాలలో కలిసి పెరిగిన ఇద్దరు అదే మాటను చేతులతో, కనుబొమలతో, తల కదలికతో ఏ లోపమూ లేకుండ చెప్పుకొంటారు. హాస్యములాడుకొంటారు, తగవులాడుకొంటారు, అబద్ధములు కూడ చెపుతారు. అది భాష. మన దేశమున దానికి భారతీయ సంజ్ఞాభాష అని పేరు. 2011 జనాభా లెక్కలలో వినికిడి లోపము గలవారు దేశమంతటా 50 లక్షల 71 వేల మంది. వీరిలో అందరికీ ఈ భాష రాదు. చాలమందికి దానిని చూచే అవకాశమే కలుగలేదు. పల్లెలో ఒక్క బధిర బాలుడే ఉన్నప్పుడు వాడును, అమ్మయు, అక్కయు కలిసి ఇంటికి సరిపడు కొన్ని సైగలను కల్పించుకొంటారు. "అన్నము", "నీళ్లు", "నాన్న" అనుటకు అవి చాలును. బడిలో త్రిభుజముల సర్వసమానత్వము వద్దకు వచ్చేసరికి చాలవు.

కావున సంజ్ఞాభాష వచ్చిన ఉపాధ్యాయులు కావలెను, దుబాసీలు కావలెను. వారిని తయారుచేయుట ఉన్నత విద్యాసంస్థల పని. ఆ పనిలో మొదటినుంచి ఒక చిక్కున్నది. మిగిలిన భాషలను పుస్తకములో పెట్టి విద్యార్థి ఇంటికి పంపవచ్చును. ఈ భాష పుస్తకములో ఇమడదు. తరగతి ముగిసి ఇంటికి పోయిన విద్యార్థి దేనిని చూచి అభ్యాసము చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు సుమారు రెండువందల అరువది ఏండ్లు పట్టినది.

చేతిలోని వ్యాకరణము

చిక్కు ఎక్కడున్నదో తెలియుటకు ఈ భాష కట్టుబడిని కొంచెము చూడవలెను. "పాలు", "పూలు" అనే రెండు మాటలలో తేడా ఒక్క అచ్చులో మాత్రమే ఉన్నది. ఆ ఒక్క అచ్చు మారగానే అర్థము మారుతుంది. అమెరికాలో వాషింగ్టను నగరమందలి గాలడెట్ కళాశాలలో ఇంగ్లీషు బోధించిన విలియం స్టోకీ, బధిర విద్యార్థుల చేతి కదలికలను శ్రద్ధగా గమనించి, వాటిలో కూడ ఇట్టి తేడాలే ఉన్నవని 1960లో ప్రకటించినాడు. చేతి ఆకారము, చేయి నిలిచే చోటు, కదలిక అనే మూడు అంశముల కూడికతో ప్రతి సంజ్ఞ ఏర్పడుతుంది. వీటిలో ఒకటి మారినప్పుడు వేరొక సంజ్ఞ కావచ్చును. అరచేయి ఎటు తిరిగియున్నది, ముఖము ఏమి చేయుచున్నది అనే అంశములను తరువాతి పరిశోధకులు చేర్చినారు. స్టోకీ మాటను మొదట సహోద్యోగులే నమ్మలేదు. అయినను ఆయన డొరొతీ కాస్టర్‌లైన్, కార్ల్ క్రోన్‌బెర్గ్ అనే ఇద్దరు బధిర సహచరులతో కలిసి 1965లో ఒక నిఘంటువును వెలువరించినాడు.

భారతీయ సంజ్ఞాభాష ఇంగ్లీషునకు గాని హిందీకి గాని చేతిరూపము కాదు. దాని వాక్యనిర్మాణము దానిదే. తెలుగు విద్యార్థికి ఇందులో ఒక సదుపాయము కూడ ఉన్నది. ఇంగ్లీషులో ప్రశ్నవాచకము వాక్యమునకు ముందు వస్తుంది. సంజ్ఞాభాషలో చివర వస్తుంది. "నీ పేరు ఏమిటి?" అనునప్పుడు తెలుగులో మాటలు ఏ వరుసలో ఉన్నవో సంజ్ఞలు కూడ ఇంచుమించు ఆ వరుసలోనే ఉంటవి. "కాదు", "లేదు" అనే నిషేధము తెలుగులో వలెనే చివర నిలుస్తుంది. అంతేకాదు. తెలుగులో ఏమి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే ప్రశ్నలన్నీ ఒక్క "ఎ"కార కుటుంబమునుంచి పుట్టినవి. సంజ్ఞాభాషలో ఒకే ప్రశ్నసంజ్ఞ ఉన్నది. దానికి "ముఖము" చేర్చిన "ఎవరు", "చోటు" చేర్చిన "ఎక్కడ", "కాలము" చేర్చిన "ఎప్పుడు" అగును. ఇంగ్లీషు మాధ్యమముగా ఈ భాషను నేర్చుకొనే తెలుగువాడు తన ఇంటి పక్కనున్న దారిని వదలి ఊరంతా చుట్టివచ్చినట్లే.

ఊరి పేర్లు, మనుషుల పేర్లు అక్షరక్రమముగా చూపవలసివచ్చినప్పుడు వ్రేళ్లతో ఇంగ్లీషు అక్షరములను కట్టుట మన దేశమున వాడుక. అమెరికావారు ఒక చేతితో కట్టుదురు. మనవారు బ్రిటిషు పద్ధతివలె రెండు చేతులతో కట్టుదురు. తాడేపల్లిగూడెం తెలుగు లిపిలో ఆరు అక్షరములు. ఇంగ్లీషు లిపిలో వ్రేళ్లతో కట్టవలెనన్న పదునాలుగు. కొల్లేరు మూడు, అక్కడ ఏడు. పదునాలుగు ఆకారములను వ్రేళ్లతో కట్టుట అంత కష్టము కాదు. ఎదుటివాడు వేగముగా కట్టినప్పుడు వాటిని చూచి చదువుటయే కష్టము. నేర్చుకొనేవారు బోల్తాపడేది ఎప్పుడును ఇక్కడనే.

బొమ్మలు, గుర్తులు, చలనచిత్రము

పారిసులో 1760 ప్రాంతమున షార్ల్ మిషెల్ ద లెపే అనే మతాచార్యుడు బధిర బాలలకు ఉచితముగా పాఠశాల నడిపినాడు. బధిరులైన ఇద్దరు అక్కచెల్లెండ్రకు చదువు చెప్పుటతో ఆయన పని ఆరంభమైనది. బధిరులు తమలో తాము వాడుకొనే సంజ్ఞలను ఆయన త్రోసివేయక, వాటినే సాధనముగా చేసికొన్నాడు. ఫ్రెంచి వ్యాకరణమునకు సరిపడునట్లు వాటికి కొత్త సంజ్ఞలను అతికించినాడు. ఈ అతుకులు నిలువలేదు. బడిలో చెప్పినది వ్రాయించుటకు పనికివచ్చినవి గాని, పిల్లలు తమలో తాము మాటాడుకొనేది తమ సంజ్ఞలతోనే. తన పద్ధతిని ఆయన 1776లో పుస్తకముగా అచ్చువేసినాడు. దానిని చదివినవారికి పద్ధతి తెలిసినదే గాని సంజ్ఞలు రాలేదు. సంజ్ఞలు కావలసినవారు పారిసునకు ప్రయాణము కట్టవలసియుండెను.

ఆ ప్రయాణము యొక్క బరువు ఎంతటిదో అమెరికా చరిత్ర చూపుతుంది. తామస్ గాలడెట్ ఆ విద్య కొరకు ఐరోపాకు పోయి, పుస్తకములతో పని జరుగదని గ్రహించి, పారిసు పాఠశాలలోని బధిర ఉపాధ్యాయుడు లొరాఁ క్లేర్‌ను వెంటబెట్టుకొని తిరిగి వచ్చినాడు. హార్ట్‌ఫర్డులో వారి పాఠశాల 1817లో తెరచినారు. ఒక భాషను సముద్రము దాటించుటకు ఒక మనిషినే దాటించవలసివచ్చినది.

కాగితముపై సంజ్ఞను నిలుపవలెనని పట్టుబట్టినవాడు రాక్ ఆంబ్రాజ్ బేబియాఁ. పారిసు పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఈయన చేతి ఆకారమునకు ఒక గుర్తు, కదలికకు ఒక గుర్తు, ముఖభావమునకు ఒక గుర్తు ఏర్పరచి 1825లో ఒక వ్రాతపద్ధతిని ప్రకటించినాడు. స్టోకీకి నూట ముప్పది ఐదు ఏండ్ల ముందే సంజ్ఞను అంశములుగా విడదీసి చూచిన మేధావి ఆయన. ఆ పద్ధతి వాడుకలోనికి రాలేదు. చేతులు రెండును, ముఖమును, తలయు ఒకే క్షణమున పనిచేసే భాషను ఎడమనుంచి కుడికి వరుసగా వ్రాయుట తబలా, వయొలిను, గాత్రము కలిసిన కచేరీని ఒకే తీగమీద వాయించుట వంటిది. ఇరువదవ శతాబ్దిలో వాలెరీ సటన్ 1974లో ఏర్పరచిన చిత్రలిపి ఇంకను కొందరు వాడుచున్నారు. పరిశోధకులకు అట్టివి ఉపయోగపడినవి. తరగతిలోని సామాన్య విద్యార్థి మాత్రము బాణపు గుర్తులతో కూడిన బొమ్మలతోనే తంటాలు పడినాడు.

ఇంతలో ఒక పెద్ద దెబ్బ తగిలినది. 1880 సెప్టెంబరులో ఇటలీలోని మిలాను నగరమున బధిరుల విద్యను గురించి అంతర్జాతీయ సభ జరిగినది. వచ్చినవారిలో బధిరులు దాదాపు లేరు. పెదవుల కదలికను చదివించి, నోటితో మాటాడించుటయే ఉత్తమ పద్ధతి, సంజ్ఞలు తగవు అని సభ తీర్మానించినది. తరువాత నూరేండ్లు అనేక దేశములలో బడిలో చేతులు కదిపిన పిల్లలు దండన పొందినారు. బధిర ఉపాధ్యాయులు ఉద్యోగములు పోగొట్టుకొన్నారు. మన దేశమున బొంబాయిలో 1885 ప్రాంతమునను, కలకత్తాలో 1893లోను, పాలయంకోటలో 1896లోను బధిర పాఠశాలలు వెలసిన కాలము ఇదే. నోటిమాట పద్ధతి గాలి ఇక్కడకును వీచినది. అయినను వసతిగృహములలో, ఆటస్థలములలో పిల్లలు సంజ్ఞలతోనే మాటాడుకొన్నారు. ఏ ఉపాధ్యాయుడును నేర్పకుండగనే ఈ భాష తరమునుంచి తరమునకు దిగివచ్చినది. 2010లో వాంకూవరులో జరిగిన అట్టి సభయే మిలాను తీర్మానములను త్రోసిపుచ్చి విచారము ప్రకటించినది.

మిలాను తీర్మానము వలన సంజ్ఞాభాష నశించునేమో అని భయపడినవారు అమెరికా బధిరులు. వారి జాతీయ సంఘము 1910లో చందాలు పోగుచేసి, అప్పుడే వచ్చిన చలనచిత్ర యంత్రముతో తమలోని మంచి వక్తల ప్రసంగములను చిత్రించుట ఆరంభించినది. ఎనిమిదవ ఏట వినికిడి పోగొట్టుకొన్న జార్జి వెడిట్జ్ 1913లో తన భాషను కాపాడవలెనని అదే భాషలో చేసిన ప్రసంగము ఆ చిత్రములలో ఒకటి. నూరు సంవత్సరములు దాటిన తరువాత కూడ ఆ చిత్రము చూచి ఆనాటి సంజ్ఞలు ఎట్లుండెనో తెలిసికొనవచ్చును. ఇట్లు ఈ భాష మనిషినుంచి విడివడి ఒక వస్తువులో నిలిచినది. ఆ వస్తువును చూపుటకు యంత్రము, చీకటిగది, మనిషి కావలెను. విద్యార్థి ఇంటికి అది ఇంకను రాలేదు.

తపాలాలో వచ్చిన చదువు

చెవితో నేర్చే భాషలకు, కాగితముపై నిలిచే శాస్త్రములకు ఇంతలో ఎన్నో సదుపాయములు వచ్చినవి. గోదావరి జిల్లాలవారికి ఇది స్వానుభవమే. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945లో వెలసినది. కాని కళాశాలకు రాలేనివారి సంగతి ఏమి? ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో తపాలా ద్వారా బోధించే విభాగమును తెరచినది. 1982 ఆగస్టు 26న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. దేశములో అట్టి విశ్వవిద్యాలయము అదే మొదటిది. తరువాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టినారు. ఆనాడు ఇంటరు చదువనివారు కూడ అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరగలిగినారు. తెలుగులో అచ్చైన పాఠములు ఇంటికి వచ్చినవి, రేడియోలో పాఠములు వినిపించినవి, సెలవు రోజున అధ్యయన కేంద్రములో అధ్యాపకుడు సందేహములు తీర్చినాడు. పగలు చేపల చెరువు వద్దనో దుకాణమునందో పనిచేసి రాత్రి దీపము ముందు చదువుకొని పట్టభద్రులైనవారు ఎందరో.

ఈ ఏర్పాటులో ఒక పాఠము ఉన్నది. ఇంటివద్ద ఒంటరిగా చేయదగినది ఏది, మనిషి ఎదుట కూర్చుని చేయదగినది ఏది అని వారు చదువును రెండుగా విడదీసినారు. మొదటిది తపాలాలో పంపినారు. రెండవది అధ్యయన కేంద్రమునకు ఉంచినారు. సంజ్ఞాభాషకు ఆ మొదటి భాగమే లేకపోయినది. అచ్చు పనికిరాదు, రేడియో అసలే పనికిరాదు. 1975 ఆగస్టునుంచి ఒక సంవత్సరము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములకు టెలివిజను పాఠములు పంపిన ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ కూడ ఉన్నది, తెలుగు కార్యక్రమములు కూడ ఉన్నవి. బొమ్మ కదలినది. అయితే టెలివిజను తనకు తోచినప్పుడు చూపుతుంది, ఆగుమన్న ఆగదు, మరల చూపుమన్న చూపదు. సంజ్ఞను నేర్చేవానికి కావలసినది మరల మరల చూచుటయే.

ఆ కొరతను తీర్చినది వీడియో టేపు. అమెరికాలో కాలిఫోర్నియాలోని విస్టా కళాశాలకు చెందిన ఒక బృందము, బధిర అధ్యాపకులతో కూడినది, 1988లో ఒక పాఠ్యక్రమమును వెలువరించినది. దానిలో విద్యార్థి పుస్తకముతో పాటు విద్యార్థి టేపు కూడ ఉండెను. పద పట్టికను బట్టీపెట్టించుటకు బదులు, ఇద్దరు బధిరులు కలిసినప్పుడు నిజముగా ఏమి మాటాడుకొందురో ఆ సంభాషణలనే పాఠములుగా పెట్టినారు. విద్యార్థి ఇంటివద్ద టేపును వెనుకకు త్రిప్పి పదిసార్లు చూచుకొనవచ్చును. తరగతికి వచ్చినప్పుడు నోరు తెరువక సంజ్ఞలతోనే మాటాడవలెను. ఇప్పటి ఆన్‌లైను పాఠముల వెనుక ఉన్న ఆలోచన అంతయు ఆ టేపులో ఉన్నది.

మన దేశములో

భారతీయ సంజ్ఞాభాష అనునది ఒకటి ఉన్నదని శాస్త్రీయముగా నిరూపించుటయే చాల ఆలస్యముగా జరిగినది. హిమాచల ప్రదేశములో పుట్టి పదకొండవ ఏట వినికిడి పోగొట్టుకొన్న మదన్ వాసిష్ఠ గాలడెట్ కళాశాలలో చదివి, జేమ్స్ వుడ్‌వర్డు మొదలగువారితో కలిసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు బధిరుల సంజ్ఞలను పోల్చినాడు. 1978లో వెలువడిన ఆ పరిశీలనలో, నాలుగు నగరముల పదములలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ఒక కుటుంబమునకు చెందినవని, వ్యాకరణము ఒకటేనని తేలినది. మాటాడే భాషలు నాలుగు వేరు వేరైనప్పుడు ఇది ఆశ్చర్యమే. 2000లో ఉల్రికె జేషాన్ అనే జర్మను శాస్త్రజ్ఞురాలు ఢిల్లీ, కరాచీ సంజ్ఞలను పరిశీలించి ఆ వ్యాకరణమును విస్తరించి వ్రాసినది. పైన చెప్పిన ప్రశ్నసంజ్ఞ సంగతి ఆమె పరిశోధన ఫలమే. 2001లో కోయంబత్తూరులోని రామకృష్ణ మిషన్ విద్యాలయము సంజ్ఞల నిఘంటువును అచ్చువేసినది. బొంబాయిలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఇరువదియొకటవ శతాబ్ది ఆరంభములో దుబాసీల శిక్షణ మొదలుపెట్టినది. దానికి సికిందరాబాదులో ప్రాంతీయ కేంద్రము ఉన్నది.

విశ్వవిద్యాలయములో ఈ భాష డిగ్రీ పాఠ్యముగా అడుగుపెట్టినది 2009లో. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఇంగ్లండులోని సెంట్రల్ లంకాషైర్ విశ్వవిద్యాలయముతో కలిసి అనువర్తిత సంజ్ఞాభాషా అధ్యయనములలో బి.ఏ. ప్రారంభించినది. అందులో చదివినవారు బధిరులే. ఆ విశ్వవిద్యాలయములోనే 2011లో సంజ్ఞాభాషకు ఒక జాతీయ కేంద్రము ఏర్పాటైనది. రెండేండ్లు తిరుగకముందే, 2013లో, దానిని మూసివేసినారు. బి.ఏ. కూడ నిలువలేదు. బధిరులు ఢిల్లీ వీధులలోనికి వచ్చినారు. శబ్దము లేని ఊరేగింపులను ప్రభుత్వము చూడకుండ ఉండలేకపోయినది. 2015 సెప్టెంబరు 28న భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము స్వతంత్ర సంస్థగా మరల పుట్టినది. తాడేపల్లిగూడెములో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ తెరచిన సంవత్సరము కూడ అదే.

అక్కడినుంచి పని వేగముగా సాగినది. కేంద్రము వీడియో నిఘంటువు మొదటి కూర్పు 2018 మార్చిలో 3000 మాటలతో వచ్చినది. 2019లో 6000, 2021 ఫిబ్రవరి 17న వచ్చిన మూడవ కూర్పులో 10,000. వైద్యము, న్యాయము, వ్యవసాయము, బడిచదువు అన్నింటి మాటలును ఇందులో చేరినవి. ఒకే అర్థమునకు ప్రాంతమునుబట్టి వేరు సంజ్ఞలున్న చోట వాటిని కూడ చూపినారు. ఇది మెచ్చదగిన పని. ప్రమాణీకరణము పేర ప్రాంతీయ సంజ్ఞలను చెరిపివేసినచో ఒకప్పుడు గ్రాంథికవాదులు వాడుకభాషకు తలపెట్టినదే ఇక్కడను జరుగును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సంజ్ఞాభాషను భావవ్యక్తీకరణ సాధనముగా గుర్తించినది. 2020 అక్టోబరులో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలితో ఒడంబడిక చేసికొని బడి పాఠ్యపుస్తకములను సంజ్ఞాభాషలో వీడియోలుగా మార్చుట మొదలిడినారు. 2021 జూలైలో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ దీనిని పదవ తరగతి స్థాయిలో ఒక భాషా పాఠ్యముగా ఇచ్చినది. 2023 సెప్టెంబరు 23న, ప్రపంచ సంజ్ఞాభాషల దినమున, ఎవరికి వారు ఇంటర్నెట్టులో నేర్చుకొనే ప్రాథమిక పాఠ్యక్రమము వెలువడినది. అందులో పది విభాగములు, ముప్పది పాఠ్యాంశములు. బధిర బాలల తల్లిదండ్రులు, అన్నదమ్ములు, ఉపాధ్యాయులు దానికి ఉద్దిష్ట విద్యార్థులు. 2024 డిసెంబరులో ఈ భాషకు ప్రత్యేకముగా 31వ సంఖ్య గల టెలివిజను పాఠముల ఛానెలును తెరచినారు.

ఫోను ఏమి చేయగలదు

ఇప్పుడు కైకలూరులోనో ఆకివీడులోనో ఉన్న బి.ఇడి. విద్యార్థిని సికిందరాబాదు పోకుండగనే పదివేల సంజ్ఞలను తన చేతి ఫోనులో చూడగలదు. లెపే కాలమున పారిసు పోవలసిన ప్రయాణము ఇంతకు తగ్గినది. కాని చూచుట వేరు, వచ్చుట వేరు. పాఠ్యక్రమమును బాగుచేయదలచిన అధ్యాపకులు ఈ సామగ్రి పని తీరును కొంత తెలిసికొనవలెను.

మొదటిది, బొమ్మ నాణ్యము. సంజ్ఞలు స్పష్టముగా తెలియవలెనన్న వీడియోలో సెకనుకు సుమారు ఇరువదినుంచి ఇరువదియైదు చిత్రములు ఉండవలెను. పన్నెండు కంటె తగ్గినచో వ్రేళ్లతో కట్టే అక్షరములు కలిసిపోవును. 2020లో కరోనా వలన తరగతులు మూతపడి, వీడియో పిలుపులతో పాఠములు చెప్పినప్పుడు ఇది అందరికీ తెలిసివచ్చినది. నెట్టు బలహీనమైన చోట అధ్యాపకుని చేయి ఒకచోట మాయమై మరొకచోట తేలినది. ముందుగా రికార్డు చేసి, దింపుకొని చూచే పాఠమునకు ఈ బాధ లేదు. పల్లెలలో ప్రత్యక్ష ప్రసారము కంటె ఇదే మేలు.

రెండవది, చూపు ఎక్కడ నిలుపవలెనన్నది. కొత్తగా నేర్చేవాడు చేతులనే చూస్తాడు. బధిరులు మాటాడుకొన్నప్పుడు చూపు ఎదుటివాని ముఖముమీద ఉంటుంది. చేతులను కంటి అంచుతోనే గ్రహిస్తారు. కనుబొమలు ఎగిరినచో అదే వాక్యము ప్రశ్న కావచ్చును. కనుక చేతులను మాత్రమే దగ్గరగా చూపే వీడియోలు ఎంత స్పష్టముగా ఉన్నను అవి సగము భాషనే నేర్పుతవి. అచ్చు బొమ్మల నిఘంటువులకున్న లోపమే వీటికిని ఉన్నది.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. వీడియో మనకు చూపుతుంది గాని మనలను చూడదు. విద్యార్థి బొటనవ్రేలు తప్పుగా పెట్టినను, కదలిక దిక్కు తారుమారైనను అది ఏమియు అనదు. ఎదురుగా నిలిచిన గురువును అనుకరించునప్పుడు కుడి ఎడమలు తారుమారగుట డ్రిల్లు మాస్టరు ఎదుట నిలిచిన ప్రతి పిల్లవానికి అనుభవమే. తప్పు అభ్యాసము వందసార్లు చేసిన తప్పే స్థిరపడును. దీనికి మందు కూడ ఆ ఫోనులోనే కొంత ఉన్నది. విద్యార్థి తన సంజ్ఞలను తానే చిత్రించుకొని, గురువు చిత్రము పక్కన పెట్టి చూచుకొనవలెను, ఆ చిత్రమును అధ్యాపకునికి పంపవలెను. అధ్యాపకుడు, సాధ్యమైనంతవరకు బధిరుడే, దానిని చూచి సంజ్ఞలతోనే సమాధానము చిత్రించి పంపవచ్చును.

ఈ ఏర్పాటులో తరగతి గంట స్వరూపమే మారుతుంది. పదములు నేర్పుటకు, అక్షరములు కట్టించుటకు అధ్యాపకుని కాలము ఖర్చు పెట్టనక్కరలేదు. అది ఇంటిపని. తరగతిలో కేవలము సంభాషణ, అదియు నోరు మూసికొని. సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో అచ్చు పాఠమునకు, సెలవు రోజు తరగతికి మధ్య చేసిన పంపకమే ఇది. "వీడియోలు ఉన్నవి గదా, బధిర అధ్యాపకుడు ఎందులకు?" అని జీతము మిగుల్చుకొనజూచే సంస్థలు ఈ చరిత్రను తప్పుగా చదివినట్లే. గాలడెట్ క్లేర్‌ను వెంటబెట్టుకొని వచ్చిన కారణము నేటికిని తీరిపోలేదు.

తెలుగువారికి ప్రత్యేకముగా ఒక కొరత ఉన్నది. నిఘంటువు మొదట ఇంగ్లీషు, హిందీ మాటల మీదుగా తయారైనది. "బావ" అనే మాటకు సంజ్ఞ కావలసినవాడు ఇంగ్లీషులో ఏ మాటను వెదకవలెను? వారి ఒక్క మాటలో మన బావ, మరది, బావమరది, తోడల్లుడు అందరును కూరుకొనిపోవుదురు. కొర్రమీను, కిక్కిస, తూడు, ఆటపాక వద్ద గూళ్లు కట్టే గూడబాతు మొదలైన కొల్లేటి మాటల సంగతి చెప్పనక్కరలేదు. తెలుగు మాటనుంచి నేరుగా సంజ్ఞకు పోయే పాఠములను మన విశ్వవిద్యాలయములు తయారుచేసికొనవచ్చును. వాక్యక్రమము ఇంచుమించు ఒకటే కావున తెలుగులో వివరించిన పాఠము పొట్టిగా కూడ ఉండును.

స్థలముల పేర్లకు సంజ్ఞలను అధ్యాపకులు కూర్చుని కల్పించరాదు. ఆ ప్రాంతపు బధిరులు పెట్టుకొన్నదే పేరు. తాడేపల్లిగూడెమునకు పదునాలుగు అక్షరములు కట్టుట వారికి మాత్రము సరదాయా? రోజూ వాడే ఊరికి వారు ఒక్క కదలికతో పేరు పెట్టుకొంటారు. ఏలూరు, కైకలూరు, భీమవరము చుట్టుపట్ల ఉన్న బధిరులను కలిసికొని, వారు తమ ఊళ్లను, చేపలను, పిట్టలను, పంటలను ఏమని పిలుచుకొందురో వారి అనుమతితో చిత్రించుట డిగ్రీ కళాశాల విద్యార్థులకు ఒక వేసవి సెలవులలో పూర్తి అయ్యే పని. వెలుతురు ముఖముమీద పడునట్లు నిలుపవలెను. వెనుక గోడ ఒకే రంగుగా ఉండవలెను. తలపైనుంచి నడుము వరకు కనబడుచు, చాచిన చేతులు చట్రము దాటకుండ ఉండవలెను. ప్రతి సంజ్ఞను కనీసము ఇద్దరు ముగ్గురితో వేరువేరుగా చేయించి, పక్కన తెలుగు మాటను, ఊరి పేరును, చిత్రించిన తేదీని వ్రాసి ఉంచవలెను.